టేపు లెక్క

ఒక్కో చీలమండకి ఒకటిన్నర చుట్ట.
ఇరవై రెండేళ్ళుగా మారని కొలత నాదొక్కటే.
మిగతా కొలతలన్నీ ఈ క్లీవ్‌లాండ్‌లో
ఆగస్టు వచ్చేసరికి
ఎవరి నోటికొచ్చినట్టు వాళ్ళు చెబుతారు.

రేడియోలో ఒకాయన, "సగం ఆటైనా ఆడించాలి,
వాడని కత్తి తుప్పు పట్టదూ?"
పెట్రోలు బంకులో ఇంకొకాయన, "ఒక్క బంతీ వద్దు,
మోకాలేమన్నా అంగట్లో దొరుకుతుందా?"
సీజన్ టికెట్టుకి తోకలా అంటగట్టిన ఈ ఆటకీ
పూర్తి డబ్బు కట్టిన మా వెర్డెల్ అత్త మాత్రం
"పంక్తిలో కూర్చోబెట్టి
ఉప్పు చూడమని చెంచాడు పోస్తారా?" అంటుంది.

కోచ్ హాల్డేన్ బోర్డు మీద పన్నెండు అని రాశాడు.
బొటనవేలితో చెరిపి పది చేశాడు.
మళ్ళీ పన్నెండు.
వేలంతా నీలిసిరా.

నాకు రెండు ఆగస్టులు గుర్తు.
ఒకటి, డెజ్ ఆమండ్‌సన్ మోకాలు.
తడి తువ్వాలు దులిపినట్టు చిన్న చప్పుడు,
అంతే.
ఆ రాత్రి ఎవరు గెలిచారో అతనికీ తెలియదు, నాకూ తెలియదు.
అక్రన్‌లో ఇప్పుడు టైర్లు అమ్ముతాడు,
మెట్లు మాత్రం పక్కకి తిరిగి దిగుతాడు.
రెండోది, అందరినీ ఊరగాయలా జాడీలో దాచిన ఏడాది.
సెప్టెంబరులో మూత తీస్తే
అరువు బూట్లేసుకున్నట్టు పరిగెత్తారు,
మొదటి సగంలోనే ముగ్గురికి తొడ కండరాలు పట్టేశాయి.
అందుకే నన్నెవరైనా అడిగితే
కత్తెర వెతుక్కుంటున్నట్టు నటిస్తాను.

కార్బిన్ వయెత్ బల్ల మీద కాళ్ళు చాపాడు.
ముప్పై నాలుగేళ్ళ క్వార్టర్‌బ్యాక్.
ఎడమ చీలమండలో పాత విరుగుడు బొడిపె,
సరస్సు మీది వానని రేడియో కంటే ముందే చెబుతుంది.
"ఇంకో రెండు ఆడనివ్వమని నువ్వు చెప్పరాదూ" అన్నాడు.
నేను టేపు మనిషిని నాయనా,
పంచాంగం మనిషిని కాను.

పన్నెండే ఆడాడు.
టోపీ పెట్టుకుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ
కంచె పక్కన నిలబడిపోయాడు.
నేను కోసి తీసిన అతని టేపు
మడత నలగని పట్టుచీరలా తెల్లగా ఉంది.

నాలుగో క్వార్టరుకి అత్త వెళ్ళిపోయింది.
ఖాళీ కుర్చీల కింద పాప్‌కార్న్ కోసం
సరస్సు కొంగలు దిగాయి.
అప్పుడు, అరవై ఏడో నంబరు, ఒమారి గెయిథర్.
జెర్సీ మీద అతని పేరులో ఒక అక్షరం తప్పు.
సరిచేయించుకోవయ్యా అంటే
"మంగళవారం దాకా ఉంటే అడుగుతాలెండి" అన్నాడు.
మంగళవారం, పేర్లు కొట్టేసే రోజు.

లెక్కపెట్టాను, నలభై ఒకటి ఆడాడు.
పడ్డాడు, లేచాడు, తన కంటే అరవై పౌన్లు ఎక్కువున్నవాణ్ణి
ఒకసారి ఆపాడు, ఒకసారి ఆపలేకపోయాడు.
ఆ ఆపలేకపోయినదాన్నే
పెద్ద తెర మీద రెండుసార్లు చూపించారు.
ఇతనికి ఎన్ని ఆటలు ఎక్కువవుతాయని
రేడియోలో గాని, బంకులో గాని
ఈ నెలంతా ఒక్కరూ నోరెత్తలేదు.
నేనూ ఎత్తలేదు.

కత్తెర పట్టుకెళ్తే, "కాసేపు ఉండనివ్వండి" అన్నాడు.
టేపుతోనే అరటిపండు తిన్నాడు,
టేపుతోనే గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.
చివరికి కోశాను. చెమటకి నానిపోయి,
నల్లటి రబ్బరు పలుకులతో, చేతికి బరువుగా.
బుట్టలో వేస్తే
వయెత్‌ది చప్పుడు లేకుండా పడింది,
ఇతనిది ధబ్బుమంది.

రేపు పొద్దున్నే రేడియోలో
ఎంత, ఎంత అని మళ్ళీ మొదలవుతుంది.
మంగళవారానికి మూడు చుట్టలు పక్కన పెట్టాను.
ఇంటికెళ్తూ జెర్సీలు కుట్టే మార్సెలీన్ గది తలుపు తట్టి
ఆ అక్షరం మార్చమన్నాను.
ఉంటాడో లేడో తెలియకుండా ఎందుకంది.
పోతే జానెడు దారం పోతుంది, కుట్టు అన్నాను.